టికెట్ పెట్టాలా, ఊరికే ఆడాలా? మన గోదారి ఊళ్లలో నాటకం, పాట, కామెడీ

గట్టుమీద (రాజమండ్రి)

మొన్న శనివారం మేం నలుగురు స్నేహితులం కలిసి దానవాయిపేటలో ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని సాయంత్రం కార్యక్రమం పెట్టాం. ముందు స్టాండప్ కామెడీ, తర్వాత పాటలు, ఆఖర్న ఒక నాటిక. టికెట్ 150 రూపాయలు. 120 కుర్చీలు వేస్తే 63 మంది వచ్చారు. వచ్చినవాళ్లలో ఒక్కరూ మధ్యలో లేవలేదు. మొత్తం 9,450 వస్తే హాలుకి 4,000, మైకుకి 2,000, టీలూ బిస్కెట్లూ 650 పోయాయి. మిగిలింది ఎనిమిది మంది కళాకారులకి తలా 350 కవర్లో పెట్టి చేతికిచ్చాం.

మర్నాటి నుంచి ఒకటే మాట. "కళకి టికెట్టేంటయ్యా, అదేమన్నా సినిమా హాలా?" అన్నవాళ్లు పరాయివాళ్లు కాదు, నేను గౌరవించే పెద్దలే. ఫోన్ చేసి మరీ అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా మాట సూటిగా చెప్తాను. టికెట్ పెట్టాలి. ఊరికే ఆడేచోట ఆ సాయంత్రం చూసేవాడిదీ కాదు, ఆడేవాడిదీ కాదు. ఖర్చు పెట్టుకున్న దాతది. పోయినేడు ఒక ఉచిత కార్యక్రమంలో మా నాటిక ఉంది. ఆరింటికల్లా రంగు పూసుకుని కూర్చున్నాం. జ్యోతి వెలిగించారు. వేదిక మీదికి పదిహేడు మందిని పిలిచారు. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో, రెండు మాటలు. మాకు తెర లేచేసరికి తొమ్మిదీ ఇరవై. పదింటికి మైకు ఆపాలి కాబట్టి గంట నాటికని నలభై నిమిషాల్లో చుట్టెయ్యమన్నారు. తండ్రి వేషం వేసేది రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు. రెండు నెలలు ఆ ఆఖరి సీను కోసమే ఆయన తపించారు. ఆ సీనే తీసేశాం. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ ఆయన ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

1880లో వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించిన ఊరండి ఇది. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే మనం తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటాం. ఆ ఊళ్లో ఒక నాటికకి ఆఖరి సీను దక్కలేదు. మీరేమంటారు?

కడియం పూలతోట

నేను ఒప్పుకోను.

మా అమ్మ కడియపులంక నర్సరీల్లో కూలికెళ్లేది, ఇప్పటికీ వెళ్తుంది. నల్ల సంచుల్లో మట్టి నింపడం, అంటుకట్టిన మొక్కలు వరసలు మార్చడం, అదీ పని. జాతరకి హరికథ పెట్టారంటే చాలు, గోనెపట్టా చంకన పెట్టుకుని నన్ను లాక్కెళ్లేది. పట్టా మీద నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కథ అయ్యేదాకా కదిలేది కాదు. మర్నాడు సంచులు నింపుతూ దాసుగారి వరసలు తను పాడేది. చరణం సగం తప్పేది, వరస మాత్రం తప్పేది కాదు. నేనివాళ బళ్లో పిల్లలకి సంగీతం చెప్తున్నానంటే దానికి మొదలు ఆ గోనెపట్టా.

మీ టికెట్టు 150. అమ్మా, నేనూ, తమ్ముడూ కలిసి వస్తే 450. అంటే ఒక రోజు కూలి మొత్తం మీ తలుపు దగ్గర పెట్టాలి. మీ 63 మందిలో కూలికెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకున్నారా? శాలువాల గోల అంటే నాకూ ఒళ్లు మంటే. కానీ ఆ తప్పు వేదిక మీద కూర్చున్నవాళ్లది. దానికి గేటు మా అమ్మకి ఎందుకు వేస్తారు?

హార్మోనియం పెట్టె (అంబాజీపేట దగ్గర)

బాబూ, అమ్మా, ఇద్దరికీ ఓ మాట. ముప్పయ్యేళ్లుగా పెట్టె వాయిస్తున్నాను.

టికెట్ మనకి కొత్త అనేవాళ్లకి కాంట్రాక్టు నాటకాల సంగతి తెలియదు. కాంట్రాక్టరు పందిరేసి, చుట్టూ తడికలు కట్టి, నేల, బెంచి, కుర్చీ అని టికెట్లు కోసేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపేవారు. రాయబారానికి ఒక కృష్ణుడు, యుద్ధానికి ఇంకొకడు. మా గురువుగారు చెప్పేవారు, మైకుల్లేని రోజుల్లో చివరి తడిక దగ్గర కూర్చున్నవాడికి పద్యం అందాలని ఐదు శ్రుతిలో, అంటే బాగా హెచ్చు గొంతుతో ఎత్తుకునేవారని. బాగుంటే "వన్స్ మోర్!" ఆ కేక వేసేవాడికి డబ్బిచ్చానన్న ధీమా ఉంటుంది. ఊరికే చూసేవాడు వన్స్ మోర్ అనడు, నచ్చకపోతే లేచిపోతాడు అంతే.

అయితే గట్టుమీద గారూ, మీరు ఇంకో సంగతి కూడా వినాలి. ఆ టికెట్ల డబ్బు పేరున్న కృష్ణుడికి చేరేది. పెట్టె వాయించినవాడికీ, తబలా వాడికీ, తెర లాగినవాడికీ బస్సు చార్జీలకి చాలినంత వస్తే గొప్ప. టికెట్ పెట్టినంత మాత్రాన కళాకారుడి కడుపు నిండుతుందనుకోకండి. మీరు తలా 350 సమానంగా ఇచ్చామన్నారే, ఈ మొత్తంలో నాకు నచ్చింది అదొక్కటే.

జగన్నాథపురం వంతెన (కాకినాడ)

మీరంతా గేటు దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్లో సరస్వతీ గాన సభ వందేళ్లు దాటింది. ఇలాంటి సభలు ఇన్నాళ్లు నిలిచాయంటే సభ్యుల చందాలు, దాతల నిధులు, ఏటా ఫలానా రోజుల్లో కచేరీ ఉంటుందన్న నమ్మకం వల్ల. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు సంగతి వినే ఉంటారు. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు అంతా ఆ క్లబ్బు నాటకాల్లో పనిచేసినవాళ్లే. ఊరికి ఒక స్థిరమైన సంస్థ ఉంటే అక్కడ మనుషులు తయారవుతారు. ఒక శనివారం హాలు అద్దెకు తీసుకుంటే అవ్వరు.

ఇంకొకటి, ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది. బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టింది రాజోలు దగ్గర శంకరగుప్తంలో. వీణ ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. వీణ చిట్టిబాబు గారిది మా కాకినాడే. ముగ్గురికీ పేరూ బతుకూ ఇచ్చింది మద్రాసు. మనం సన్మానాలకి పిలిచాం.

మైకుసెట్ (తణుకు)

రెండు విషయాలే. 500 రూపాయల లోపు టికెట్టుకి నాటకం, కచేరీల మీద జీఎస్టీ లేదు, ఆ భయం పెట్టుకోకండి. రాత్రి పది తర్వాత బయట మైకు పెట్టకూడదని కేంద్రం నిబంధన 2000 నుంచీ ఉంది. పండగలకి ఏడాదిలో పదిహేను రోజుల దాకా పన్నెండింటి వరకూ పొడిగించే వీలు రాష్ట్రానికి ఉంది. ఆలస్యం చేసేది ఉపన్యాసాలవాళ్లు, పోలీసులొస్తే మాట పడేది నేను.

భీమారం కుర్రాడు

నేను స్టాండప్ చేస్తాను. గట్టుమీద అన్నా, టికెట్ సంగతి పక్కన పెట్టి ఒక్కసారి సోఫాల గురించి మాట్లాడదాం.

మన దగ్గర ఏ కార్యక్రమానికైనా ముందు వరసలో తెల్లగుడ్డ కప్పిన సోఫాలుంటాయి. ముందు టీపాయి, దాని మీద నీళ్ల సీసాలు, జీడిపప్పు. వాటిలో కూర్చోవాల్సినవాళ్లు సగం మంది రారు. వచ్చినవాళ్లు ఫోన్లో ఉంటారు, సన్మానం అవగానే వెళ్లిపోతారు. నేను మైకు పట్టుకునేసరికి నా ఎదురుగా ఖాళీ సోఫాలు, వాటి వెనకెక్కడో చీకట్లో జనం. నవ్వు ఒక మనిషి నుంచి పక్క మనిషికి అంటుకోవాలి. భుజాలు తగిలేలా కూర్చున్న నలభై మంది నవ్వితే హాలు దద్దరిల్లుతుంది. అదే నలభై మందిని రెండు వందల కుర్చీల్లో చెదరగొట్టండి, ఎవరికి వాళ్లు నోట్లోనే నవ్వుకుంటారు. గాలి ఆడని చిన్న గదిలో పండిన జోకు, ఒక కాలేజీ మైదానంలో వెయ్యి మంది ముందు పేలలేదు. ఆ జోకు అదే, నేనూ నేనే.

కొత్తవాళ్లకి కాసేపు మైకిచ్చే ఓపెన్ మైక్‌లో అయిదు నిమిషాల కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లొచ్చిన రోజులున్నాయి. అక్కడ నేను "ఆయ్" అనగానే నవ్వుతారు. మన యాసే వాళ్లకి జోకు. ఇక్కడ "ఆయ్" అంటే ఎవరూ నవ్వరు, ఇంట్లో మాట అది. ఇక్కడ నవ్వించాలంటే నిజంగా జోకు రాయాలి. నర్సాపురంలో జంధ్యాల గారు, పాలకొల్లులో అల్లు రామలింగయ్య గారు, రాజమండ్రిలో రాజబాబు గారు పుట్టిన నేల ఇది. మనవాళ్ల చెవి చాలా గట్టిది. ఆ చెవి ముందు నిలబడాలని నా కోరిక.

కడియం అక్కకి నాదొక ప్రతిపాదన. సోఫాలు తీసేసి వేదిక ముందు చాపలు పరుద్దాం. చాప 20 రూపాయలు, వెనక కుర్చీ 200. పాత సినిమా హాళ్లలో నేల టికెట్ తెరకి దగ్గర ఉండేది కదా, అలాగ.

హార్మోనియం పెట్టె

సినిమాకి నేల ముందు, నిజమే. నాటకానికి అలా కాదు బాబూ, కుర్చీలవాళ్లే ముందు. నేలవాళ్లు పక్కలకీ వెనక్కీ. ఆ వరస మార్చాలంటున్నావు, మార్చు, సంతోషం. కానీ పాత రోజుల్లో అలాగే ఉండేదని మాత్రం చెప్పకు.

గట్టుమీద

తమ్ముడి చాపల మాట నాకు నచ్చింది. ఈసారి చాప 20కే పెడదాం. కడియం పూలతోట గారూ, ఇప్పుడు అమ్మగారు రావచ్చు కదండీ?

కడియం పూలతోట

రాదండి.

డబ్బొక్కటే అయితే 20 పెద్ద లెక్క కాదు. మా అమ్మ పని నుంచి అలాగే వస్తుంది, కాళ్లకి మట్టితో. దానవాయిపేటలో ఒక హాలు, బయట బళ్లు, తలుపు దగ్గర టేబులు వేసుకుని కూర్చున్న కుర్రాళ్లు. వాళ్లు ఏమీ అనకపోవచ్చు. అయినా ఆ టేబులు దాటడానికి ఆవిడకి బెరుకు. ఒకసారి రాజమండ్రిలో ఒక డాన్సు కార్యక్రమానికి తీసుకెళ్తే గుమ్మం దాకా వచ్చి, "నువ్వు చూసి రా, నేనిక్కడ కూర్చుంటాను" అని మెట్ల మీద కూర్చుంది. అది ఉచితమే. అక్కడ టికెట్టే లేదు.

ఇంకోటి. "ఊరికే చూసేవాడు" అని ఇందాకట్నుంచీ అందరూ అంటున్నారు. మా అమ్మ ఊరికే చూడలేదు. కథ మధ్యలో దాసుగారు హారతి పళ్లెం తిప్పిస్తారా, ఆ పళ్లెం మా పట్టా దగ్గరికొచ్చేసరికి అమ్మ కొంగు ముడి విప్పి సిద్ధంగా ఉండేది. ఓ రూపాయి, ఒక్కోసారి అర్ధ రూపాయి. హారతి కళ్లకద్దుకుని వేసేది. ఒక్క ఏడు కూడా పళ్లెం దాటవేయలేదు. కథ సగం విన్నాక, ఎంత నచ్చితే అంత, ఎంత ఉంటే అంత. తలుపు దగ్గర కాదు, కూర్చున్న చోటుకే వచ్చేది.

మీకు గేటూ ఉచితమూ అని రెండే కనపడుతున్నాయి. మన దగ్గర మూడోది ఎప్పట్నుంచో ఉంది.

జగన్నాథపురం వంతెన

పళ్లెం మంచిదే. కానీ దాని మీద ఎవరూ సంవత్సరం బతకలేరమ్మా. మా పక్కనే మాధవపట్నం, తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. బొమ్మ కోయడం, రంగులద్దడం, తెర వెనక పాడుతూ ఆడించడం అన్నీ ఇంటిల్లిపాదీ చేస్తారు. పళ్లెంలో పడే చిల్లర ఒక రాత్రికి. మిగతా రాత్రులకి? అందుకే నేను సభ్యత్వం అంటున్నాను. నెలకి వంద చొప్పున రెండు వందల మంది కడితే చాలు, నెలకో ఆట. ఎవరు వచ్చినా చూస్తారు, గేటు ఉండదు.

గట్టుమీద

రెండు వందల మందిని మీరు చేర్పించండి, మొదటి పేరు నాది రాసుకోండి. అది పోగయ్యేదాకా నేను టికెట్టు మానను. హాలువాడికి 4,000 ముందే కట్టాలి, వాడు పళ్లెం చూసి ఆగడు.

కడియం పూలతోట

హాలెందుకండీ? మా వీధిలో రామాలయం అరుగుంది. ఎదురుగా ఖాళీ స్థలం. సోఫాలు తెచ్చేవాళ్లూ లేరు, వేదిక మీదికి పిలవడానికి పదిహేడు మందీ లేరు. కరెంటు గుడిదే. పళ్లెం నేను తిప్పుతాను.

హార్మోనియం పెట్టె

నా పెట్టె తెచ్చుకుంటాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు. కానీ పళ్లెం డబ్బు లెక్కపెట్టేటప్పుడు తబలా కుర్రాడికి ముందు ఇవ్వండి. వాడిది రావులపాలెం, రాత్రి తిరిగి వెళ్లాలి.

భీమారం కుర్రాడు

అక్కా, గుడి అరుగు మీద కామెడీ చేస్తే పెద్దవాళ్లు ఏమీ అనుకోరా?

కడియం పూలతోట

మీరు ఏం మాట్లాడతారో దాన్ని బట్టి. మా అమ్మ మొదటి చాప మీదే కూర్చుంటుంది, చూసుకోండి.

గట్టుమీద

సరే, వచ్చే ఆదివారం. టికెట్టు విషయంలో నా మాట మాత్రం మారలేదు, అది వేరే. అరుగు ఎంత పొడవుంటుందో చెప్పండి, నాటికకి మంచం, కుర్చీ, తలుపు పట్టాలి.

కడియం పూలతోట

ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. పదహారు అడుగులు, లోతు తొమ్మిది. వేపచెట్టు వైపు కరెంటు తీగ కిందికి ఉంది, తలుపు అటు పెట్టకండి. ఏడింటికి మొదలుపెడితే పదికి గంట ముందే అయిపోతుంది. కండక్టరు గారి ఆఖరి సీనుతో సహా రండి.