అప్‌డేట్: లోన్‌తో అంటగట్టిన ఇన్సూరెన్స్, బ్యాంకు జవాబు

పర్సనల్ లోన్‌లోంచి చెప్పాపెట్టకుండా లోన్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్ (లోన్ తీసుకున్నవాళ్లకు ఏమైనా అయితే బాకీ తీర్చే బీమా) ప్రీమియం కోసుకున్నారని, అడిగితే ‘మీరే సంతకం పెట్టారు’ అని బ్యాంకు చేతులు దులుపుకుందని ఇంతకుముందు రాశాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. డబ్బు వచ్చింది, కానీ పూర్తిగా కాదు.

మీరు చెప్పినట్టే ఆ జవాబు ఒప్పుకోనంటూ బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు రాసి, ప్రపోజల్ ఫారం (బీమా కోసం ఇచ్చే దరఖాస్తు) కాపీ అడిగాను. పంపారు. చూస్తే ఆరోగ్య వివరాలన్నీ ఎవరో వేరే చేతిరాతతో నింపేశారు, నా బీపీ మాత్రల ఊసే లేదు! రేపు క్లెయిమ్ వస్తే దీన్నే చూపించి కొట్టేసేవాళ్లు. ఇదే విషయం రాసి బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశాను. (బ్యాంకు కాదన్నా, 30 రోజుల్లో పలకకపోయినా రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు.) ఆ తర్వాతే బ్రాంచి నుంచి ఫోన్లు, ‘సార్’ అనే పిలుపూ మొదలయ్యాయి.

పాలసీ రద్దు చేసి ప్రీమియం లోన్ ఖాతాలో జమ చేశారు. దానిమీద ఇన్నాళ్లూ నేను కట్టిన వడ్డీ మాత్రం ఇచ్చేది లేదంటున్నారు. ‘ఫుల్ అండ్ ఫైనల్’ (ఇంతటితో లెక్క తేలిపోయింది, ఇక అడగను) అన్న కాగితం మీద సంతకం అడిగారు, పెట్టలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. వడ్డీ లెక్క, స్టేట్‌మెంట్ జతచేసి పంపుతున్నాను.