భుజం ఆపరేషన్ అంటున్నారు, డాక్టరు గారిని ఏం చూసి నమ్మాలి? (శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చెప్పండి)

కాశీబుగ్గ అమ్మాయి:
మా అమ్మకి 52 ఏళ్ళు. పలాసలో జీడిపిక్కల పనికి ఇరవై ఏళ్ళుగా వెళ్తోంది. ఐదు నెలల నుంచి కుడి చెయ్యి పైకి లేవట్లేదు. జడ వేసుకోలేదు, జాకెట్టు చెయ్యి తొడుక్కోలేదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే లేచి కూర్చుంటోంది. షుగరు కూడా ఉంది. ఒక చోట చూపిస్తే ఎమ్మారై తీయించి, కండరం చిరిగింది, ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. అమ్మ చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు, నా బాధ అదే. బోర్డు మీద పేరు పక్కన బోలెడు అక్షరాలున్నాయి. వాటిలో ఏది చదువో, ఏది సర్టిఫికెట్టో నాకు తెలియదు. విశాఖ తీసుకెళ్ళాలా?

రాజాం మాస్టారు:
అమ్మా, నాకు మూడేళ్ళ కిందట ఇదే భుజానికి కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసేది) అయింది. చదువు సంగతి ముందు చెప్తాను. ఎంబీబీఎస్ తర్వాత ఎముకల చదువు అంటే ఎమ్మెస్ ఆర్థో, మూడేళ్ళు. డీఎన్‌బీ కూడా దానికి సమానమే. డీ.ఆర్థో రెండేళ్ళ డిప్లొమా. భుజం పని ప్రత్యేకంగా నేర్చుకునేది ఆ తర్వాత, ఫెలోషిప్‌లో. కొన్ని ఫెలోషిప్‌లు ఏడాది పాటు ఉంటాయి, కొన్ని నాలుగు వారాల్లో అయిపోతాయి. బోర్డు మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే "ఎక్కడ, ఎన్నాళ్ళు చేశారండీ?" అని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ చెప్పారు.

మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మా అబ్బాయి ఫోన్‌లోనే చూశాడు.

ఇంకో మూడు అడిగాను. ఇలాంటివి నెలకి ఎన్ని చేస్తారు? చెయ్యించుకోకపోతే ఏమవుతుంది? కుట్టిన తర్వాత వ్యాయామం ఎవరు నేర్పుతారు? రెండో ప్రశ్నకి ఆయన చెప్పిన మాటతోనే నాకు నమ్మకం కుదిరింది: "మీ కండరం పూర్తిగా తెగింది, ఆలస్యమైతే కండరం వెనక్కి పోయి కొవ్వు పడుతుంది, అప్పుడు కుట్టినా అతకదు. సగం చిరుగైతే నేనే ఆగమనేవాణ్ణి."

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే, అంటే మెడకి వేలాడే పట్టీలో. పడక కుర్చీలో పడుకున్నాను. అన్నం కలిపి పెట్టింది మా ఇంటావిడే. నల్లబల్ల మీద పైవరుస రాసేంత చెయ్యి లేవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ సంగతి ముందే చెప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దమ్మా.

కవిటి బావు:
మా నాయిన సంగతి సెప్తాను. 2018 తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి సెట్లు తీస్తంటే జబ్బ జారిపోనాది. నాటు కట్టు కట్టించీసి నెల రోజులు ఉంచీసినాం. తర్వాత డాక్టరు దగ్గరికెల్తే, అదే రోజు వచ్చుంటే కోయకుండానే ఎక్కించీద్దుం, ఇప్పుడు ఆపరేషనే అన్నారు. కట్టు కట్టినోల్ని ఏటంటాం, తప్పు మాదే. జబ్బ జారితే బేగి ఎల్లిపోండి.

నెల్లిమర్ల ఫిజియో:
కాశీబుగ్గ అమ్మాయి గారూ, చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ 52 ఏళ్ళు, షుగరు, రాత్రి నొప్పి, చెయ్యి పైకి లేవకపోవడం, ఇవన్నీ వింటే ముందు ఫ్రోజెన్ షోల్డర్ గుర్తొస్తుంది. భుజం కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర దళసరై బిగుసుకుపోతుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఎక్కువ.

డాక్టరు చేత్తో పట్టుకుని చూడాలి అంటున్నది ఇందుకే. మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమంటారు. మీ అమ్మగారు తిప్పలేక, డాక్టరు తిప్పినా తిరక్కపోతే బిగుసుకుపోయినట్టు. తాను ఎత్తలేకపోయినా డాక్టరు ఎత్తితే సులువుగా లేస్తే కండరం తెగిందేమో చూడాలి. ఈ తేడా తెలియడానికి రెండు నిమిషాలు చాలు. ఎమ్మారైలో చిన్న చిరుగులు నొప్పి లేనివాళ్ళకి కూడా కనబడతాయి, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. ఫిల్మ్‌లో ఉన్న చిరుగే నొప్పికి కారణమని అనుకోకూడదు.

ఫ్రోజెన్ షోల్డర్ చాలామందికి ఆపరేషన్ లేకుండానే వదులుతుంది. టైము మాత్రం పడుతుంది, ఏడాది నుంచి మూడేళ్ళ దాకా. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే మొదట్లో నొప్పి తగ్గుతుంది, కానీ కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. డాక్టరు గారు ఆ మాట చెప్పకపోతే మీరే అడగండి.

కొండవెలగాడ కుర్రోడు:
అక్కా, మా ఊళ్ళో ఇంటికో వెయిట్‌లిఫ్టర్ ఉంటాడు. నాకు స్నాచ్‌లో, అంటే బరువుని ఒక్క ఊపులో తల మీదికి ఎత్తేటప్పుడు, భుజం రెండుసార్లు జారింది. విశాఖలో చూపించాను. ఆయన ముందు అడిగింది నా వయసు, తర్వాత ఎన్నిసార్లు జారింది, ఎలా పడితే జారింది. స్కాన్ చివర్న చూశారు. చిన్న వయసులో ఒకసారి జారితే మళ్ళీ జారే అవకాశం ఎక్కువట, అందుకే భుజం గుంత చుట్టూ ఊడిన అంచుని ఎముకకి కుట్టారు. ఎప్పుడు బార్ పట్టుకోవచ్చో కాగితం మీద నెలవారీగా రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

బొబ్బిలి శ్రీను:
విశాఖ తీసుకెళ్ళాలా అని అడిగారు గానీ, మా ఊరి ఎముకల డాక్టరు గారికి ఫెలోషిప్ లేదు. మా అత్తకి చూసి, "మందులు, వ్యాయామం వరకూ నేను చూస్తాను. కోయాల్సి వస్తే ఇది రోజూ చేసేవాళ్ళ దగ్గరికి నేనే ఉత్తరం రాసి పంపుతాను" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద మాకు గౌరవం రెట్టింపైంది. పైగా వ్యాయామానికి వారానికి మూడుసార్లు తిరగాలంటే దగ్గరలో ఉన్నవాళ్ళే మేలు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే కనుక్కోండి.

కాశీబుగ్గ అమ్మాయి (మూడు వారాల తర్వాత):
అందరికీ దండాలు. శ్రీకాకుళంలో వేరే డాక్టరు గారికి చూపించాం. అమ్మని కూర్చోబెట్టి, ముందు బాగున్న చెయ్యి, తర్వాత నొప్పి చెయ్యి తిప్పి చూశారు. మోచెయ్యి నడుముకి ఆనించే పరీక్ష చేస్తుంటే ఫిజియో గారు గుర్తొచ్చారు. ఫ్రోజెన్ షోల్డరే అన్నారు, చిరుగు చిన్నదట. ఇప్పుడు ఆపరేషన్ వద్దన్నారు. ఇంజెక్షన్ ఇచ్చి, వారం రోజులు షుగరు చూసుకోమన్నారు. నాలుగో రోజుకి 280 దాకా పోయి తగ్గింది. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. "పిక్కల పనిలో ఏ చెయ్యి ఎలా కదులుతుందో చేసి చూపించమ్మా" అని కూడా అడిగారు. అమ్మ ఆ గదిలోనే చేసి చూపించింది. ఇంతవరకూ ఎవరూ అడగలేదని దారంతా చెప్తూనే ఉంది.

ఒకటే సందేహం. ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి ఊపే వ్యాయామం ఇచ్చారు. నొప్పి వచ్చినా చెయ్యాలా?

నెల్లిమర్ల ఫిజియో:
అది కోడ్‌మన్ అనే అమెరికా డాక్టరు పేరు మీద ఉన్న వ్యాయామం. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో పెట్టింది కూడా ఆ డాక్టరే. చేతిని కండబలంతో ఊపకూడదు. ఒంటిని ఊపితే చెయ్యి దానంతట అదే లోలకంలా ఊగాలి. లాగినట్టు ఉంటే పర్వాలేదు. ఆపేశాక కూడా చాలాసేపు నొప్పి ఉంటే మర్నాడు తగ్గించండి. చేసేముందు వేడినీళ్ళ కాపడం పెట్టండి. రోజూ పొద్దున్న అమ్మగారి చెయ్యి గోడ మీద ఎంత ఎత్తుకి అందితే అక్కడ సుద్దతో గీత గీయండి. పదిహేను రోజుల తర్వాత ఆ గీతలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.