బగాన్ గుళ్ళను మళ్ళీ కట్టడం: జీర్ణోద్ధరణా, చరిత్రను చెరిపేయడమా?

ఐరావతి_ఒడ్డు:
మయన్మార్‌లోని బగాన్ సంగతి. ఐరావతీ నది పక్కన 11–13 శతాబ్దాల మధ్య రాజులూ, కొలువులోని పెద్దలూ, స్తోమత ఉన్న భక్తులూ వేల ఇటుక గుళ్ళూ స్తూపాలూ కట్టించారు. 1975 భూకంపానికి చాలా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత 1990ల్లో సైనిక ప్రభుత్వం విరాళాలు పోగుచేసి వందల కట్టడాలను కొత్తగా లేపింది. పునాది తప్ప ఏమీ మిగలని చోట కూడా గోడలు, శిఖరం, ఆ పైన గొడుగు! 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కిందనుకోండి. అయినా అలా మళ్ళీ కట్టడం తప్పే అంటాను. మీరేమంటారు?

గుడిగంటలు:
మీరు దాన్ని శిథిలం అంటున్నారు, అక్కడివాళ్ళు గుడి అంటున్నారు. గొడవంతా అక్కడే ఉందండీ. పడిపోయిన పగోడాను బాగుచేయిస్తే పుణ్యమని వాళ్ళ నమ్మకం, అది ఇవాళ పుట్టింది కాదు. మన శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో కృష్ణదేవరాయలు కట్టించినది, 2010 మే 26న కుప్పకూలింది. ఆ రాళ్ళ గుట్ట చుట్టూ కంచె వేసి టికెట్ పెట్టామా? కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేసుకున్నాం. మనకో న్యాయం, బర్మావాళ్ళకో న్యాయమా?

చెక్కుడురాయి:
శ్రీకాళహస్తితో పోలిక కుదరదు గుడిగంటలు గారూ. ఆ గోపురం కూలిన ముందురోజు దాకా జనం చూశారు. ఎన్ని అంతస్తులో, ఎంత ఎత్తో తెలుసు, ఫొటోలు కోకొల్లలు. బగాన్‌లో మట్టిదిబ్బగా మారిన చిన్న గుడి పైభాగం ఎలా ఉండేదో చూసినవాడు ఈ భూమ్మీద లేడు. అందుకని ఏం చేశారు? ఒకే నమూనా పట్టుకుని మూసలో పోసినట్టు కట్టేశారు. ఒకసారి ఆ గోడల ఫొటోలు దగ్గరగా చూడండి. పాత గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు సన్నగా, కనీకనపడకుండా ఉంటుంది. ధమ్మయాంజీ గుడిలో సందున సూది దూరితే రాజు తాపీవాళ్ళను శిక్షించేవాడని కథలు కూడా ఉన్నాయి. కొత్తదాంట్లో ఎర్రగా మెరిసే ఇటుక, మధ్యలో లావుపాటి సిమెంటు గీత. పక్కన దాతల పేర్లతో పాలరాతి ఫలకం. ఆ ఫలకం ఒక్కటే నిజాయితీగా ఉంది, కనీసం ఎవరు కట్టించారో చెబుతోంది.

ఇంకోటి. 2016 ఆగస్టు 24న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు సులమణి గుడి శిఖరం కూలింది. అయ్యో, 12వ శతాబ్దం శిఖరం పోయిందని జనం బాధపడ్డారు. పడింది 1990ల్లో పెట్టిన శిఖరం!

పల్లెటూరి_బుర్ర:
పుణ్యం సరే. 1990లో పాత బగాన్‌లో తరతరాలుగా ఉంటున్న జనాన్ని ఉన్నపళంగా లేపేసి కొత్త బగాన్‌కు తోలారు. గుళ్ళలో దీపం పెట్టే చేతులు వాళ్ళవే కదా? వాళ్ళనడిగారా ఎవరైనా?

గుడిగంటలు:
అది దుర్మార్గమే, కాదనను. కానీ జనరళ్ళు చేసిన పాపాన్ని భక్తి నెత్తిన రుద్దకండి. 2016 భూకంపం తర్వాత ఎవరూ పిలవకుండానే వచ్చి రాలిన ఇటుకలు ఏరింది స్థానికులే. వాళ్ళకు మీ ‘శిథిల సౌందర్యం’ అర్థం కాదు, కానక్కర్లేదు.

చెక్కుడురాయి:
అర్థం కానక్కర్లేదు, ఒప్పుకుంటా. నేను కట్టొద్దనడం లేదు, ఏది కొత్తదో తెలిసేలా కట్టమంటున్నా. జావాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపం చూడండి. 1907–11 మధ్య డచ్చి ఇంజనీరు వాన్ ఎర్ప్ బాగుచేసినప్పుడు నడిమి స్తూపం మీద ఛత్రం నిలబెట్టాడు. తీరా చూస్తే అందులో పాత రాళ్ళు చాలినన్ని లేవని తానే దింపించేశాడు! అక్కడ కొత్తగా పెట్టిన రాళ్ళకు చిన్న సీసపు చుక్క ఉంటుంది. భక్తుడి కంటికి అడ్డం రాదు, చదువుకునేవాడికి మోసం ఉండదు. బగాన్‌లో ఆ చుక్క పెట్టడానికి ఎంత ఖర్చయ్యేది?

ఐరావతి_ఒడ్డు:
ఆధారాలు లేవన్న సాకు కూడా పూర్తిగా చెల్లదు. పియెర్ పిషార్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి బగాన్‌లోని 2,834 కట్టడాలను కొలిచి, గీసి ఎనిమిది సంపుటాలు చేశాడు. అవి ఒక్కొక్కటే అచ్చవుతున్న ఏళ్ళలోనే ఇటు ఈ కట్టుడు సాగింది. వాటిని తిరగేసే ఓపిక కట్టించినవాళ్ళకు లేకపోయింది.

గుడిగంటలు:
సీసపు చుక్క మాటకు నా అభ్యంతరం లేదు చెక్కుడురాయి గారూ, బాగుంది. కానీ ఛత్రం దగ్గర ఒప్పుకోను. ఆ బోరోబుదూర్ మీదే ఛత్రం మళ్ళీ పెట్టాలని ఇండొనేషియాలో ఈమధ్య కూడా గట్టిగా అడిగారు, పురావస్తువాళ్ళు వద్దన్నారు, పని వాయిదా పడింది. గొడుగు లేని స్తూపం నాకు అసంపూర్తిగానే కనిపిస్తుంది.

చెక్కుడురాయి:
ఆ గొడుగు ఆకారం ఎవరు ఊహించి గీస్తారో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.