మేము బానిసలమా, మనం బానిసలమా?

దక్షిణ అమెరికాలో అప్పటి డచ్చి వలస అయిన సురినాం రచయిత ఆంటన్ డి కోమ్ 1934లో డచ్చిలో ఒక పుస్తకం రాశాడు. తన దేశపు బానిసల చరిత్ర అది. పేరు ‘వెయ్ స్లావెన్ వాన్ సురినామె’. ‘వెయ్’ పక్కన పెడితే మిగిలేది ‘సురినాం బానిసలు’. డచ్చిలో ‘వెయ్’ ఒక్కటే, మనకేమో ‘మేము’, ‘మనం’ రెండున్నాయి. దీన్ని తెలుగు చేస్తున్నాను, పేరులో ఏది పెట్టాలంటారు?

*

‘మేము’ అండీ, సందేహమే లేదు. పుస్తకం అచ్చయింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, చదివేది పాలకుల దేశం. సురినాంలో బానిసత్వం రద్దయింది 1863లో. ఆయన తండ్రి పుట్టుకతో బానిస. అలాంటి ఇంటి బిడ్డ యజమానుల వారసుల ముందు నిలబడి చెప్తున్న మాట. ఎదుటివాణ్ణి కలుపుకునే ‘మనం’ ఎలా పొసుగుతుంది?

*

మాస్టారూ, వినేవాళ్లు డచ్చివాళ్లేనా? 1933 మొదట్లో డి కోమ్ సురినాం రాజధాని పారామరిబోలో తండ్రి ఇంటి పెరట్లో, చెట్టు కింద చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాడు. నల్లవాళ్లే కాదు, జావా కూలీలూ, 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కి వెళ్లిన మన దేశపు ఒప్పంద కూలీల సంతతీ వచ్చి గోడు చెప్పుకున్నారు. అన్నీ రాసుకున్నాడు. ఫిబ్రవరి 1న అరెస్టు చేశారు. 7న ఆయన్ని వదలమని పోగైన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. మేలో ఆయన్ని హాలండ్‌కు పంపేశారు. ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లందరినీ కలుపుకోవాలంటే ‘మనం’ కావాలి. ఆ మాటకొస్తే, నాజీలు హాలండ్‌ను ఆక్రమించాక ఆయన అక్కడి రహస్య పత్రికలకు రాశాడు. 1944 ఆగస్టు 7న పట్టుబడ్డాడు. 1945 ఏప్రిల్ 24న జర్మనీలోని సాండ్‌బోస్టెల్ నాజీ శిబిరంలో క్షయతో కన్నుమూశాడు. తనను దేశం దాటించినవాళ్ల స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చిన మనిషి ‘మనం’లో డచ్చివాళ్లు లేరని ఎలా అంటాం?

*

అమ్మా, పెరటి సంగతి ఒప్పుకుంటాను. యుద్ధం సంగతి మాత్రం తర్వాతిది, దాన్ని 1934 నాటి పేరులోకి తేలేం. వ్యాకరణంలోనే ఒక దారి ఉంది. ‘మేము తెలుగువాళ్లం’, ‘మనం తెలుగువాళ్లం’, రెంటికీ చివర సున్నే. సర్వనామం తీసేసి ‘సురినాం బానిసలం’ అంటే ఎవరు కలుస్తారో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

*

దారి బాగుంది కానీ, మూలంలో మొదటి మాటే ‘వెయ్’. బానిసల గురించి అంతవరకూ వేరేవాళ్లు రాశారు, ఈయన ‘మేము’ అంటూ మొదలుపెట్టాడు. దాన్ని తీసేస్తే పేరులో పస పోతుంది. అట్ట మీద ‘మేము, సురినాం బానిసలం’ అనే ఉంచుతాను. లోపల సొంత జనాన్ని పిలిచి మాట్లాడే చోట్ల ‘మనం’ రాస్తాను. ఆ వాక్యాలు ఒక్కొక్కటే ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.