సైట్‌వైజ్ కోల్డ్ టియర్ ఆన్ చేశాక ఎస్3 బకెట్ ఖాళీగానే ఉంది

ప్రశ్న: ఏడబ్ల్యూఎస్ ఐఓటీ సైట్‌వైజ్‌లో (ఫ్యాక్టరీ సెన్సర్ల రీడింగులు దాచే అమెజాన్ క్లౌడ్ సేవ) కోల్డ్ టియర్ (డేటాని చవగ్గా మన ఎస్3 బకెట్‌లో, అంటే అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్‌లో, దాచే ఏర్పాటు) ఆన్ చేసి గంట దాటింది, బకెట్‌లో రీడింగులేవీ లేవు. హాట్ టియర్ (సైట్‌వైజ్ సొంత, వేగమైన స్టోరేజ్) రిటెన్షన్ (డేటా ఉంచే గడువు) 7 రోజులు పెడితే తీసుకోవట్లేదు. సెన్సర్లు సెకనుకో రీడింగ్ పంపుతున్నాయి, ఖర్చు తగ్గాలండి.

జవాబు 1: గంటకే రావండి. రీడింగులు 6 గంటలకోసారి ఆవ్రో (ఒక డేటా ఫార్మాట్) ఫైళ్లుగా ఎస్3కి వెళ్తాయి. రిటెన్షన్ కనీసం 30 రోజులు, అంతకన్నా తగ్గదు.

జవాబు 2: 6 గంటలు ఆగక్కర్లేదు. ఏదైనా అసెట్ (సైట్‌వైజ్‌లో యంత్రానికున్న రికార్డు) పేరు మార్చి చూడండి, మెటాడేటా (ఆ అసెట్ వివరాలు) నిమిషాల్లో బకెట్‌లో పడాలి. పడలేదా, ఐఏఎం రోల్‌నే (బకెట్ వాడుకోడానికి సైట్‌వైజ్‌కిచ్చే అనుమతుల సెట్) అనుమానించండి. పుట్‌ఆబ్జెక్ట్ (ఫైలు రాసే అనుమతి) ఒక్కటే ఇచ్చి వదిలేస్తుంటారు. గెట్‌ఆబ్జెక్ట్, డిలీట్‌ఆబ్జెక్ట్, లిస్ట్‌బకెట్, గెట్‌బకెట్‌లొకేషన్ కూడా కావాలి. బకెట్‌కి సొంత కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్) కీ ఉంటే డిక్రిప్ట్, జనరేట్‌డేటాకీ కూడా కలపండి. బకెట్ సైట్‌వైజ్ ఉన్న ఏడబ్ల్యూఎస్ రీజియన్‌లోనే ఉండాలి.

జవాబు 3: ఖర్చు సంగతికొస్తే, స్టోరేజ్ కంటే ముందు మెసేజ్‌లు చూడండి. సెకనుకొకటంటే ఒక్కో సెన్సర్‌కి రోజుకి 86,400 రీడింగులు. నెమ్మదిగా మారే ట్యాంకు ఉష్ణోగ్రతకి అంత అనవసరం; గేట్‌వేలో (సెన్సర్ల డేటాని క్లౌడ్‌కి పంపే పరికరం) డెడ్‌బ్యాండ్ (చిన్న మార్పుల్ని వదిలేసే హద్దు) పెట్టి, విలువ అంతకు మించి మారితేనే పంపండి. ఇంకోటి, గేట్‌వే ఆగి 7 రోజులు దాటిన పాత రీడింగులని మామూలు పుట్ ఏపీఐ (రీడింగులు పంపే మామూలు దారి) తీసుకోదు, సీఎస్‌వీ లాంటి ఫైలుగా బల్క్ ఇంపోర్ట్ (ఒకేసారి మొత్తం ఎక్కించడం) చేసుకోవాల్సిందే.