చర్చ: వాన లెక్క తప్పితే స్మార్ట్ కాంట్రాక్టుది తప్పా, కాదా?

సాలిడిటీ_శ్రీ
పంట బీమా గొడవలు చూసీ చూసీ ఇది రాస్తున్నా. వాతావరణ బీమాని స్మార్ట్ కాంట్రాక్టులో పెట్టేస్తే రైతు ఎవరి కాళ్లూ పట్టుకునే పని ఉండదని నా వాదన. తెలియనివాళ్ల కోసం: స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లు కలిసి ఉంచే ఉమ్మడి ఖాతా పుస్తకం) మీద ఉండే ప్రోగ్రామ్. పరిహారం డబ్బు ముందే అందులో జమ చేస్తారు. "ఫలానా నెల రోజుల్లో వాన 50 మిల్లీమీటర్లు దాటకపోతే ఎకరానికి ఇంత" అని రాస్తే, గడువు ముగిసిన రోజే డబ్బు వెళ్లిపోతుంది. వాన లెక్కని బయటి నుంచి తెచ్చి అందులో వేసే ఏర్పాటు పేరు ఒరాకిల్. ఫ్రాన్స్‌లో ఆక్సా సంస్థ 2017లోనే 'ఫిజ్జీ' పేరుతో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద విమాన ఆలస్యానికి ఇలాంటి బీమా పెట్టింది. విమానం రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే పరిహారం వచ్చేది. పంటకి ఎందుకు వద్దు?

మెట్టచేను
మాది అనంతపురం జిల్లా, వేరుశనగ. వాన లెక్కతో బీమా మాకు కొత్తేం కాదు. ఒక ఖరీఫ్‌లో సరిగ్గా ఊడలు దిగేటప్పుడు 28 రోజులు చినుకు లేదు. వాన కొలిచే మిషన్ మా చేనుకి 14 కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడ ఒక రాత్రి జల్లు పడింది. అంతే, కాగితం మీద బెట్ట లేదు, మాకు పైసా రాలేదు. మనిషి వచ్చుంటే చెట్టు పీకి చూపించేవాణ్ణి. మీ ప్రోగ్రామ్‌కి ఏం పీకి చూపించాలి?

డల్లాస్_తెలుగు
ఒరాకిల్ ఎందుకసలు? కాంట్రాక్టే నేరుగా వాతావరణ శాఖ వెబ్‌సైట్ చూసుకోవచ్చుగా.

లెక్కల_మాస్టారు
కుదరదండీ. ఆ ప్రోగ్రామ్‌ని వేల కంప్యూటర్లు విడివిడిగా నడిపి చూస్తాయి, అన్నిటికీ ఒకే జవాబు రావాలి. ఒక కంప్యూటర్ పొద్దున వెబ్‌సైట్ తెరిచి 49 చూసి, ఇంకొకటి సాయంత్రం తెరిచి సవరించిన 51 చూస్తే లెక్క కలవదు. ఏడాది తర్వాత పాత లావాదేవీలు సరిచూసేవాళ్లకి ఆ పేజీయే ఉండకపోవచ్చు. అందుకే బయటి విషయాన్ని ఎవరో ఒకరు చెయిన్ మీద రాసి పెట్టాలి. రాసిందే నిజమనుకుని అందరూ లెక్క వేస్తారు.

సాలిడిటీ_శ్రీ
మాస్టారు సరిగ్గా చెప్పారు. మెట్టచేను గారూ, మీది ఒరాకిల్ సమస్య, కాంట్రాక్ట్ సమస్య కాదు. చెయిన్‌లింక్ లాంటి ఒరాకిల్ నెట్‌వర్క్‌లో చాలామంది ఆపరేటర్లు విడివిడిగా విలువ ఇస్తారు, అందులో మధ్య విలువ తీసుకుంటారు. ఒకడు అబద్ధం చెప్పినా ఫలితం కదలదు.

మెట్టచేను
నా దగ్గర అబద్ధం ఎవరు చెప్పారు? ఆ మిషన్ దగ్గర వాన నిజంగానే పడింది. ఇరవై మంది వెళ్లి అదే మిషన్ చూసొస్తే ఇరవై మందీ అదే చెబుతారు.

గుంటూరు_మిర్చి
ఈ మాటకి జవాబు కావాలి.

సాలిడిటీ_శ్రీ
మిషన్లు పెంచండి, ఉపగ్రహం లెక్క కలపండి. డేటా బాగాలేకపోతే కోడ్‌ని తిడతారేంటి?

లెక్కల_మాస్టారు
శ్రీ గారూ, ఇలాంటిది మీ లోకంలోనే జరిగింది. 2020 నవంబర్‌లో కాంపౌండ్ చూడండి, అది స్మార్ట్ కాంట్రాక్టులతో క్రిప్టో అప్పులిచ్చే ఏర్పాటు. డాలర్‌తో సమానంగా ఉండాల్సిన డాయ్ అనే క్రిప్టో నాణెం, కాయిన్‌బేస్ అనే క్రిప్టో మార్కెట్‌లో కాసేపు 1.30 డాలర్లకి ఎగిరింది. ఒరాకిల్ ఆ ధరే అందించింది. డాయ్‌లో అప్పు తీసుకున్నవాళ్ల బాకీ ఒక్కసారిగా పెరిగినట్టు లెక్క తేలి, 8 కోట్ల డాలర్లకు పైగా తాకట్టు అమ్ముడైపోయింది. ధర అక్కడ నిజంగానే అంత ఉంది. కోడ్ రాసినట్టే నడిచింది. మెట్టచేను గారి జల్లు కూడా అలాంటిదే.

సాలిడిటీ_శ్రీ
మళ్లీ చెబుతున్నా, కోడ్ తప్పు లేదు. రాసినట్టే నడిచింది అని మీరే అన్నారు.

మెట్టచేను
కోడ్ తప్పు లేదు, కోడ్ తప్పు లేదు! నువ్వు ఎప్పుడైనా ఎండిన చేలో నిలబడ్డావా? అప్పు తెచ్చి విత్తనం వేశావా? ఏసీలో కూర్చుని మాకు నీతులు చెప్పడం తేలికే.

సాలిడిటీ_శ్రీ
'నువ్వు' అనకండి. నిలబడ్డాను. మాది కరీంనగర్ దగ్గర ఊరు. వడగళ్లకి నాలుగెకరాల వరి నేలకి ఒరిగితే నష్టం రాయడానికి మనిషే వచ్చాడు. మీరు కోరుకునే మనిషి! మా నాన్నని చాటుకి పిలిచి డబ్బు అడిగాడు. నాన్న ఇవ్వలేదు. పక్క చేను వాళ్లకి నష్టం 70 శాతం రాశాడు, మాకు 20. పదకొండు నెలలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. మిషన్ డబ్బు అడగదు. నేను ఈ పని నేర్చుకున్నది ఎందుకో ఇప్పుడు చెప్పాను.

గుంటూరు_మిర్చి
ఇద్దరూ నిజమే చెబుతున్నారు అన్నా. కాస్త నెమ్మది.

మెట్టచేను
'నువ్వు' అన్నందుకు ఏమీ అనుకోకండి. మీ నాన్నగారికి జరిగింది దుర్మార్గం. కానీ ఒకటి ఆలోచించండి. పదకొండు నెలలు తిరగడానికి మీకు ఒక ఆఫీసు ఉంది, పై అధికారి ఉన్నాడు, కోర్టు ఉంది. కాంట్రాక్ట్ 'లేదు' అన్న రోజున నేను ఏ గుమ్మం ఎక్కాలి? నాకు కావలసింది ఆ గుమ్మం.

లెక్కల_మాస్టారు
ఇంతసేపూ మనం ఒరాకిల్ గురించి అనుకున్నాం, గొడవ అక్కడ లేదు. మధ్యలో మనిషి ఉండాలా వద్దా అన్నదే గొడవ. చెయిన్ మీదా మనుషులు దిగిన సందర్భాలున్నాయి. 2019 జూన్‌లో సింథటిక్స్ అనే క్రిప్టో వ్యాపార ఏర్పాటుకి కొరియా వాన్ ధర వెయ్యి రెట్లు తప్పుగా అందింది. ఒక బాట్ (తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రామ్) కాగితం మీద కోట్ల డాలర్ల లాభం తీసింది. చివరికి ఆ బాట్ యజమానితో మాట్లాడుకుని, బహుమతి ఇచ్చి, లావాదేవీలు వెనక్కి తిప్పించారు. ఆ రోజు పరిష్కరించింది కోడ్ కాదు.

సాలిడిటీ_శ్రీ
అభ్యంతరానికి దారి పెట్టవచ్చు, ఒప్పుకుంటాను. యూఎంఏ అనే ఒరాకిల్‌లో ఒకరు జవాబు ప్రతిపాదిస్తారు, గడువులోగా ఎవరైనా కాదనవచ్చు. కాదనేవాళ్లు బాండ్, అంటే హామీ డబ్బు, కట్టాలి. తగువు పడితే యూఎంఏ టోకెన్ (దాని క్రిప్టో నాణెం) ఉన్నవాళ్లు ఓటేస్తారు. వాదన నెగ్గితే బాండ్ వెనక్కి వస్తుంది.

మెట్టచేను
బాండ్ కట్టేంత డబ్బు ఆగస్టులో నా దగ్గర ఎక్కడిది? ఓటేసేవాళ్లు మా మండలం ఎప్పుడైనా చూశారా?

సాలిడిటీ_శ్రీ
బాండ్ ఊరి రైతు సంఘం కడితే? ఓటు బదులు మూడు ఊళ్ల నుంచి ముగ్గురు చేలోకి వెళ్లి ఫొటోలతో సంతకం పెడితే? ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే మిషన్ లెక్క పక్కన పెట్టేలా రాయవచ్చు.

మెట్టచేను
ఆ ముగ్గురూ డబ్బు అడగరని ఏంటి?

సాలిడిటీ_శ్రీ
అడగవచ్చు. దానికి ఇంకా జవాబు లేదు నా దగ్గర. మీ మిషన్ ఏ ఊళ్లో ఉందో, ఆ 28 రోజులూ ఏ తేదీలో చెప్పండి. ఉపగ్రహం లెక్కలో మీ చేను మీద ఎంత పడిందో చూసి ఇక్కడే పెడతాను.

మెట్టచేను
పాస్‌బుక్ వెనక రాసి పెట్టుకున్నాను. రాత్రికి పంపిస్తాను.