వేడి మీద స్టార్ట్ అవ్వట్లేదు, పీ0087 కోడ్: హై ప్రెషర్ పంపు మార్చాల్సిందేనా?

దోర్నాల లోడుబండి:
బీఎస్4 కామన్ రైల్ డీజిల్ పికప్, 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. లోడుతో గంట తిరిగి ఆపితే మాత్రం పదిహేను సెకన్లు కొట్టాలి. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే పవర్ పడిపోయి చెక్ లైట్ వెలుగుతోంది. పంపు మార్చమంటున్నారు. డీజిల్ ఫిల్టర్ కొత్తదే.

షెడ్డు మాట:
అన్నా, పీ0087 అంటే రైల్లో, అంటే పంపు నుంచి వచ్చిన డీజిల్‌ని ఇంజెక్టర్లకి పంచే గొట్టంలో, ప్రెషర్ చాలట్లేదని, అంతే. పంపు పోయిందని కాదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడి మీదే మొరాయిస్తే ముందు ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) రిటర్న్, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయే దారి, చూడాలి. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్‌లోంచి రిటర్న్‌కి జారిపోతుంది. చాలా బండ్లలో రైల్లో 200 బార్ దాకా లేవనిదే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లు తెరవదు, అందుకే అంతసేపు సెల్ఫ్.

ఇంజిన్ వేడిగా ఉండగా నాలుగు రిటర్న్ పైపులు తీసి, ఒకే కొలత సీసాలు నాలుగు తగిలించండి. తీసిన రిటర్న్ పైపు మూతికి బిరడా పెట్టండి, లేకపోతే పంపు నుంచి వచ్చే డీజిల్ అందులోంచి చిమ్ముతుంది. రెండు నిమిషాలు ఐడిలింగ్. మూడు సీసాలు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి రెట్టింపు నిండితే దొంగ అదే. నాలుగూ సమానంగా, తక్కువగా ఉంటే అప్పుడు పంపు వైపు చూడొచ్చు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా రైల్ పైపు నట్టు మాత్రం లూజు చెయ్యకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరుతుంది, వేలు పోతుంది.

నల్లబండి:
ఘాట్‌లో పవర్ పడటానికి సక్షన్ వైపు, అంటే టాంకు నుంచి పంపు దాకా, కూడా చూడండి. టాంకులో మోటారు లేని బండిలో పంపే డీజిల్‌ని లాక్కుంటుంది కాబట్టి పైపు చిల్లైనా బయటికి కారదు, గాలి పీలుస్తుంది. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య పారదర్శకమైన డీజిల్ పైపు వేసి, ఆక్సిలేటర్ తొక్కి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఎక్కువగా దొరికేవి ఫిల్టర్ ఓరింగు, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది), క్లిప్పులు. కొత్త ఫిల్టర్ వేసినప్పుడే ఓరింగు మడతపడి ఉండొచ్చు! టాంకులో జల్లెడ కూడా మూసుకుపోతుంది.

దోర్నాల లోడుబండి:
బుడగలు లేవు. మూడో సీసా 70 మి.లీ., మిగతావి 25 లోపే. ఇంజెక్టర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

షెడ్డు మాట:
ఇంకొక్కటి చూశాకే. పంపు మీదున్న మీటరింగ్ వాల్వ్ (పంపుకి ఎంత డీజిల్ వెళ్లాలో సరిచూసేది) స్క్రూలు తీసి దాన్ని తెల్లగుడ్డ మీద తట్టండి. మెరిసే పొడి రాలితే పంపు లోపల అరిగి ఇనుము వదులుతోందన్నమాట. అప్పుడు పంపు, రైలు, ఇంజెక్టర్లు, పైపులు అన్నీ మార్చి, టాంకు దించి కడగాలి. అలా కాక ఇంజెక్టర్ ఒక్కటే వేస్తే ఆ పొడి దాన్నీ తినేస్తుంది. పొడి లేకపోతే మూడోది చాలు, కొత్తదాని మీదున్న కోడ్‌ని ఈసీయూలో ఎక్కించడం మరవద్దు.

పంపుకి ఆయిలూ డీజిలే. నీళ్లు, కిరోసిన్ కల్తీ, టాంకు ఎండేదాకా నడపడం దాన్ని చంపేవి. వాటర్ సెపరేటర్ అడుగు స్క్రూ వానాకాలం వారానికోసారి విప్పి నీళ్లు వదలండి. కొత్త ఫిల్టర్‌లో క్యాన్‌తో డీజిల్ పోయకండి, మధ్య కన్నంలో పడితే వడకట్టకుండానే పంపుకి వెళ్తుంది. ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కితే చాలు.